టెన్షన్ తగ్గాకే లయ తప్పే గుండె: ఒక రొయ్యల రైతు కేసు

ఈయన వయసు 47. నెల్లూరు జిల్లా తీర మండలాల్లో ఒకచోట పన్నెండెకరాల రొయ్యల గుంటలు లీజుకు తీసుకుని వనామీ రకం రొయ్యలు వేస్తారు. ఎవరో గుర్తుపట్టకుండా ఉండేందుకు చిన్న చిన్న వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవేవీ మార్చలేదు.

మనిషి గట్టివాడు. కాలేజీ రోజుల్లో వాలీబాల్ జిల్లా స్థాయిలో ఆడారు, ఇప్పటికీ వీలున్న సాయంత్రాల్లో ఆడతారు. బీపీ లేదు, షుగర్ లేదు. సిగరెట్ తాగరు. పంట బాగా వచ్చినప్పుడు మాత్రం మందు కాస్త ఎక్కువే పుచ్చుకుంటారు. నా దగ్గరికి వచ్చేసరికే ఆయన చేతిలో ఒక నిర్ధారణ ఉంది: పెరాక్సిస్మల్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే వచ్చిపోయే ఏఎఫ్. గుండె పై గదులు లయ తప్పి అదరడమే ఏఎఫ్. మందులు రెండున్నాయి, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ 50, ఆస్పిరిన్ 75. నాలుగు నెలలుగా రెండూ వేసుకుంటున్నారు. ఫిర్యాదు ఒక్కటే.

"బిళ్ళ ఏసుకున్నాకే ఎక్కువగా వస్తా ఉండాది సార్. చెక్ ట్రే పైకెత్తితే రొయ్యలు ఎగిరినట్టు ఎగరతా ఉండాది లోపల."

మందు వేసుకున్నాకే జబ్బు పెరిగిందని చెప్పే పేషెంట్లు మాకు రోజూ కనిపిస్తారు. చాలాసార్లు అది మందు మీద అనుమానమే తప్ప మరేమీ ఉండదు. ఈయన మాత్రం రుజువు వెంట తెచ్చుకున్నారు.

రిజిస్టర్‌లో ఉన్నది

గుంటలు చేసే ప్రతి రైతు దగ్గరా ఒక రిజిస్టర్ ఉంటుంది. ఏ పూట ఎన్ని కిలోల మేత వేశారు, తిన్నాయో లేదో చూసేందుకు నీళ్ళలో దించే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, పీహెచ్ ఎంత, తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎంత అన్నీ అందులో రాస్తారు. ఈయన ఎనిమిది నెలలుగా అదే పుస్తకంలో చివరి గడిలో ఇంకోటి కూడా రాసుకున్నారు. గుండె అదిరిన రోజున 'గు' అని పెట్టి, పక్కన మొదలైన సమయం, ఆగిన సమయం వేశారు. రాయమని ఏ డాక్టరూ చెప్పలేదు. రాసే అలవాటున్న మనిషి కాబట్టి రాశారు, అంతే.

ఎనిమిది నెలల్లో 31 సార్లు వచ్చింది. మెటోప్రొలాల్ మొదలుపెట్టక ముందు నాలుగు నెలల్లో ఎనిమిది, మొదలుపెట్టాక నాలుగు నెలల్లో ఇరవైమూడు. సమయాలు చూస్తే ఇంకా ఆసక్తిగా ఉంది. ఇరవైఆరు సార్లు రాత్రి పదకొండుకూ తెల్లవారి ఐదుకూ మధ్య మొదలైంది. మూడుసార్లు మధ్యాహ్నం భోంచేసి కునుకు తీసినప్పుడు. మిగిలిన రెండూ వాలీబాల్ ఆడిన సాయంత్రాలు, అదీ ఆడుతుండగా కాదు, ఆట అయిపోయి గట్టున కూర్చుని చల్లటి నీళ్ళు తాగాక.

నా కళ్ళు ఎక్కువసేపు నిలిచింది పట్టుబడి రాత్రుల దగ్గర, అంటే వల వేసి పంట బయటికి తీసే రాత్రుల దగ్గర. రొయ్యల రైతుకు ఏడాదిలో అంతకన్నా టెన్షన్ ఉన్న రాత్రి ఉండదు. లారీ టైముకు రావాలి, ఐసు చాలాలి, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) అనుకున్నది రావాలి, చెప్పిన రేటు తెల్లారేసరికి మారకూడదు. రాత్రంతా నిద్ర ఉండదు, వల లాగే వాళ్ళతో పాటు నీళ్ళలోనే నిలబడతారు. ఆ ఎనిమిది నెలల్లో అలాంటి రాత్రులు ఆరు. ఆ ఆరింటిలో ఒక్కసారి కూడా 'గు' లేదు. మర్నాటి రాత్రి, డబ్బు లెక్క తేలి, కడుపునిండా చేపల పులుసు తిని, రెండు పెగ్గులు వేసుకుని నడుం వాల్చిన రాత్రి మాత్రం ఆరింటిలో నాలుగుసార్లు ఉంది.

"టెన్షన్ అంటా ఉండారు సార్ అందరూ. టెన్షన్ ఉన్న రోజు రావడం లేదు ఇది" అన్నారాయన. నిర్ధారణలో సగం ఆ వాక్యంలోనే ఉంది.

పరీక్షలు

నాడి నిమిషానికి 48, క్రమంగానే ఉంది. బీపీ 124/78. బరువు 78 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. ఈసీజీలో గుండె లయ మామూలుగా ఉంది, పుట్టుకతో వచ్చే లయ లోపాల గుర్తులేవీ లేవు. ఎకోలో కవాటాలు బాగున్నాయి. మన ప్రాంతంలో ఏఎఫ్ అనగానే చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల మైట్రల్ కవాటం బిగుసుకుందేమోనని చూడకుండా ముందుకెళ్ళకూడదు. ఆయనకు అదేమీ లేదు. ఎడమ పై గది 38 మిల్లీమీటర్లు, పంపింగ్ 62 శాతం, రెండూ మామూలే. థైరాయిడ్, పొటాషియం, మెగ్నీషియం మామూలు.

ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినంతసేపూ ఒక్క ఎక్‌స్ట్రా బీట్ లేదు. ఆపాక రెండో నిమిషంలో, వేగం పడిపోతుండగా, పై గదుల నుంచి వరసగా నాలుగైదు ముందస్తు బీట్లు, అంటే ఎక్టోపిక్‌లు వచ్చాయి. టెక్నీషియన్ అప్పటికే రిపోర్టు నెగటివ్ అని రాసేశాడు. గుండెకు రక్తం అందే విషయంలో అది నెగటివే. నాకు కావలసిందేమో ఆ రెండో నిమిషంలో ఉంది.

తర్వాత ఛాతీకి అతికించి గుండె లయను ఆగకుండా రికార్డు చేసే ప్యాచ్ మానిటర్ ఏడు రోజులు పెట్టాం, మెటోప్రొలాల్ ఆపకుండానే. మూడో రాత్రి దొరికింది. ఒంటిగంట దాటాక వేగం తగ్గుతూ 38కి దిగింది. ఒకటీ నలభై నుంచి పై గదుల ఎక్టోపిక్‌లు, ముందు విడివిడిగా, తర్వాత జంటలుగా. 2:07కి ఏఎఫ్. అప్పుడు కింది గదుల వేగం 85 నుంచి 100 మధ్యే ఉంది. ఏఎఫ్‌లో మందు లేకపోతే సాధారణంగా 120, 140 చూస్తాం. ఈయనకు బిళ్ళ మొదలుపెట్టక ముందు తీసిన పాత ఈసీజీలో కూడా 98 మాత్రమే ఉంది. అంటే తగ్గించాల్సినంత వేగం మొదటినుంచీ లేదు. ఐదూ యాభైకి లేచి గట్టు మీద నడిచారు, 6:15కి లయ దానంతటదే సరైంది. ఆగేటప్పుడు 2.4 సెకన్ల విరామం ఒకటి వచ్చింది, దానికి భయపడనక్కర్లేదు.

ఇలాంటి రిపోర్టుల్లో హార్ట్ రేట్ వేరియబిలిటీ అని, బీటుకూ బీటుకూ మధ్య హెచ్చుతగ్గులు చూపే అంకెల పట్టిక ఒకటి వస్తుంది. 0.15 నుంచి 0.40 హెర్ట్జ్ మధ్య ఉండే హై ఫ్రీక్వెన్సీ భాగం, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం పనితీరును కొంతవరకు చూపిస్తుంది. ఈయనకు ఏఎఫ్ మొదలవక ముందు అది పెరిగింది. కానీ ఎదుట ఉన్న పేషెంటుకు వైద్యం నిర్ణయించడానికి ఆ పట్టికను నేను పెద్దగా నమ్ముకోను. ఊపిరి తీసే తీరు మారినా ఆ అంకె మారిపోతుంది. రైతు రాసుకున్న గడి నాకు దానికన్నా ఎక్కువ చెప్పింది.

వేగస్ ఎలా చెడగొడుతుంది

గుండెకు సొంత కరెంటు ఉంది. నరాలన్నీ తీసేసినా అది కొట్టుకుంటుంది, పెద్దవాళ్ళలో నిమిషానికి 90, 100 దాకా. మనం తీరిగ్గా కూర్చున్నప్పుడు నాడి 70 ఉంటోందంటే, వేగస్ నరం దాన్ని ఎప్పుడూ కిందికి పట్టి ఉంచుతోందన్నమాట. మెదడు అడుగున మెడుల్లాలో మొదలై, మెడలోంచి దిగి, గుండెకూ పొట్టకూ పేగులకూ కొమ్మలు వేసే నరం ఇది. దీనికి ఎదురుగా గుండె వేగం పెంచే సింపథెటిక్ నరాలు. ఇవి వెన్నుపాము ఛాతీ భాగం పైనుంచి బయలుదేరి, మెడ మొదట్లో ఉండే స్టెలేట్ గాంగ్లియన్ లాంటి నరాల ముడుల మీదుగా గుండెకు చేరతాయి. ఈ రెండూ కలిసి ఆటోనామిక్ నాడీ వ్యవస్థ. మన ఇష్టంతో పనిలేకుండా నడుస్తుంది.

వేగస్ గుండె మీద పనిచేసేది రసాయనం ద్వారానే అని తేల్చింది ఓటో లోవీ, 1921లో. ఒక కప్ప గుండెకు వేగస్‌ను ప్రేరేపించి, ఆ గుండె చుట్టూ ఉన్న ద్రవాన్ని రెండో కప్ప గుండెకు పెడితే అదీ నెమ్మదించింది. ఆ పదార్థమే ఎసిటైల్‌కోలిన్. 1936లో హెన్రీ డేల్‌తో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

గుండె నెమ్మదించేది కాబట్టి వేగస్ మేలే చేస్తుందని అనుకుంటాం. కింది గదుల విషయంలో అది చాలావరకు నిజం. పై గదుల దగ్గర కథ వేరు. అక్కడి కణాల్లో ఎసిటైల్‌కోలిన్ ఎం2 రిసెప్టర్ల ద్వారా ఒక రకం పొటాషియం ఛానళ్ళను తెరుస్తుంది. పొటాషియం త్వరగా బయటికి పోతుంది, కణం ఒకసారి స్పందించాక తీసుకునే విశ్రాంతి సమయం తగ్గిపోతుంది. మళ్ళీ స్పందించడానికి అది ముందే సిద్ధమవుతుంది. వేగస్ కొమ్మలు పై గదుల్లో అంతటా ఒకేలా పరుచుకుని ఉండవు, కాబట్టి ఈ తగ్గుదల ఒకచోట ఎక్కువ, పక్కనే తక్కువ. అలాంటి నేల మీదికి ఒక ఎక్టోపిక్ బీట్ వచ్చి పడితే, ఆ కరెంటు కొన్ని చోట్ల ఆగి, కొన్ని చోట్ల సాగి, చుట్టు తిరిగి మళ్ళీ మొదటికే వస్తుంది. అలా అనేక చుట్లు ఒకేసారి నడవడమే ఏఎఫ్. ప్రయోగశాలల్లో జంతువులకు ఏఎఫ్ తెప్పించాలంటే వేగస్‌ను ప్రేరేపిస్తూ పై గదిని పేసింగ్ చేయడం (బయటి కరెంటుతో కొట్టించడం) పాత పద్ధతి.

మరి ఆ మొదటి ఎక్టోపిక్ బీట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? చాలామందిలో ఊపిరితిత్తుల నుంచి ఎడమ పై గదికి వచ్చే పల్మనరీ సిరల నోటి దగ్గర పుడుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసగేర్ బృందం చూపించింది. ఆ సిరల మూలాల చుట్టూ కొవ్వులోనే గుండె సొంత నరాల ముడులు కూడా ఉన్నాయి. వాటిలో వేగస్, సింపథెటిక్ తంతువులు రెండూ కలగలిసి ఉంటాయి. పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఒకదాని హడావుడి రెండోదానికి అంటుకుంటుంది.

రాత్రిపూట, తిన్నాక, ఆట ఆగాక వచ్చే ఈ తరహా ఏఎఫ్‌ను 1970ల చివర్లో పారిస్‌లో ఫిలిప్ కూమెల్ వర్ణించారు. ఎక్కువగా నడివయసు మగవాళ్ళు, గుండెలో వేరే జబ్బు లేనివాళ్ళు, మొదలయ్యే ముందు నాడి నెమ్మదించేవాళ్ళు. ఆయన రాసిన పేషెంటు మా గుంటల మీద నడుస్తున్నాడనిపించింది. దానికి ఎదురు తరహా కూడా ఆయనే చెప్పారు. అది పగలు, శ్రమలో, కోపంలో వస్తుంది. అక్కడ నార్‌ఎడ్రినలిన్ కణంలో కాల్షియం గందరగోళం చేసి ఎక్టోపిక్‌లు పుట్టిస్తుంది.

వీటిని రెండు వేరు వేరు పెట్టెలుగా చూడటం నాకు నచ్చదు. ఎక్కువమంది పేషెంట్లలో రెండు నరాలూ చేతులు కలుపుతాయి. ఈయన రిజిస్టర్లోనే కొన్ని రాత్రుల పక్కన 'కరెంటు' అని రాసి ఉంది. కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి, అప్పుడు ఫోన్ మోగేలా ఒక పరికరం పెట్టుకున్నారు. రాత్రంతా నాచూ రొయ్యలూ ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి తెల్లవారే ముందు నీటిలో అది అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. ఆ గంటలో ఏరియేటర్ ఆగితే పంట పోయినట్టే. గాఢనిద్రలో వేగస్ పై గదులను సిద్ధంగా ఉంచింది, ఫోన్ మోత సింపథెటిక్‌ను ఒక్కసారి లేపింది. అలాంటప్పుడు లయ తప్పకపోతేనే ఆశ్చర్యం.

మెటోప్రొలాల్ సంగతి

మెటోప్రొలాల్ ఒక బీటా బ్లాకర్, అంటే సింపథెటిక్ ప్రభావాన్ని అడ్డుకునే మందు. అది తప్పు మందు కాదు. ఏఎఫ్ అని రాగానే ఎవరైనా మొదట అందుకునేది అదే, ఎక్కువమందికి సరిపోతుంది కూడా. ఈయన విషయంలో అది సింపథెటిక్‌ను పక్కన పెట్టి వేగస్‌కు ఎదురు లేకుండా చేసింది. రాత్రి నాడిని ఇంకా కిందికి దించింది. పెద్దగా లేని వేగాన్ని తగ్గించడానికి ఇచ్చిన మందు, లయ తప్పే అవకాశాన్ని పెంచింది. వేగం తగ్గించే మరో మందు డిగాక్సిన్ ఇచ్చి ఉంటే కూడా ఇలాగే అయ్యేది, అది నేరుగా వేగస్ బలాన్నే పెంచుతుంది.

ఇది చదివి ఎవరూ తమ మెటోప్రొలాల్ మానకండి. గుండెపోటు వచ్చినవాళ్ళకు, పంపింగ్ తగ్గినవాళ్ళకు అది ప్రాణం నిలిపే మందు. ఉన్నట్టుండి ఆపితే గుండె తిరగబడి వేగం పెరగవచ్చు. ఈయనకు కూడా ముందు సగానికి తగ్గించి, ఆ తర్వాతే ఆపాం.

పోల్చడానికి ఇంకో కేసు రెండు మాటల్లో. ప్రకాశం జిల్లా కొండపి వైపు నుంచి ఒకామె, పొగాకు ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ పని చూసుకునే మనిషి. ఏఎఫ్ పగలే వచ్చేది, మెట్లెక్కినా, ఇంట్లో గొడవైనా. నాడి 150. చేతులు వణుకు, బరువు తగ్గింది. థైరాయిడ్ హార్మోన్ బాగా ఎక్కువగా ఉంది. ఆమెకు బీటా బ్లాకర్‌తో మొదటి వారంలోనే హాయిగా ఉంది, థైరాయిడ్ అదుపులోకి వచ్చాక ఏఎఫ్ మళ్ళీ కనిపించలేదు. ఇద్దరి ఈసీజీలూ పక్కపక్కన పెడితే పేరు ఒకటే.

చేసిన వైద్యం

ఆస్పిరిన్ ఆపేశాం. ఏఎఫ్‌లో పక్షవాతం రాకుండా అది పనికిరాదు, రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. పక్షవాతం ముప్పును అంచనా వేసే చాడ్స్ వాస్క్ స్కోరు ఈయనకు సున్నా, కాబట్టి రక్తం పలచబరిచే అసలు మందులు కూడా అక్కర్లేదు. రేపు బీపీ వచ్చినా, షుగర్ వచ్చినా, 65 దాటినా మళ్ళీ లెక్క వేయాలి. ఏఎఫ్ పగలు వస్తుందా రాత్రి వస్తుందా అన్నదాంతో ఈ లెక్కకు సంబంధం లేదు. రాత్రిపూటే కదా అని ఎవరూ ధీమాగా ఉండకూడదు.

ఆయన భార్యను విడిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. "గురక పెడతా పెడతా ఒక్కసారి ఆగిపోతాడు సార్. ఊపిరి ఉందో లేదో అని నేను లేచి చూస్తా ఉంటా." చెన్నైలో స్లీప్ స్టడీ చేయించాం. గంటకు 18 సార్లు ఊపిరి ఆగుతోంది, మధ్యస్థం. మూసుకున్న గొంతుకు ఎదురుగా ఊపిరి లాగినప్పుడు ఛాతీలో ఒత్తిడి పడిపోయి పై గదులు సాగుతాయి, వేగస్ రేగుతుంది. ఉక్కిరిబిక్కిరై లేచినప్పుడు సింపథెటిక్ దూకుతుంది. ఫోన్ మోత చేసే పనినే గురక కూడా చేస్తోందన్నమాట, రాత్రికి చాలాసార్లు.

నిద్రలో మాస్కు ద్వారా గాలి పంపి గొంతు మూసుకోకుండా చూసే సీప్యాప్ మిషన్ గురించి చెప్పాను. గుంట దగ్గర షెడ్డులో అది పెట్టుకుని పడుకోలేనన్నారు. నేనూ ఒత్తిడి చేయలేదు. సీప్యాప్ వాడేవాళ్ళలో ఏఎఫ్ తక్కువని పరిశీలనల్లో కనిపించినా, చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి చూసిన చిన్న పరీక్షల్లో ఆ తేడా అంత స్పష్టంగా రాలేదు. ముందు పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం చూద్దామనుకున్నాం.

మద్యం మానడం గురించి మాత్రం గట్టిగానే చెప్పాను. 2020లో ఆస్ట్రేలియాలో క్రమంగా తాగే ఏఎఫ్ పేషెంట్లను రెండు గుంపులు చేసి చూశారు. మామూలుగా తాగినవాళ్ళలో 73 శాతం మందికి ఆరు నెలల్లో ఏఎఫ్ తిరిగి వచ్చింది, మానాలని చెప్పిన గుంపులో 53 శాతం మందికి. ఒక బిళ్ళ ఈ తేడా తెస్తే కంపెనీలు పెద్ద బోర్డులు పెట్టుకునేవి.

రాత్రి భోజనం ఏడున్నరకు, పొట్ట సగమే నింపి. తిన్నాక రెండు గంటలు పడుకోకూడదు. తెల్లవారుజామున ఆక్సిజన్ చూసే పనిని వారంలో నాలుగు రోజులు అన్న కొడుక్కి అప్పగించారు. దీనికి ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైంది. ఆట అయ్యాక ఒక్కసారిగా కూర్చోకుండా పది నిమిషాలు నడవాలి. ఎక్టోపిక్‌లు తెలుస్తుండగానే మంచం మీద అలాగే పడుకోకుండా లేచి గట్టు మీద తిరగమన్నాను. చాలాసార్లు అక్కడితో ఆగుతోందని ఆయనే చెప్పారు.

ఏఎఫ్ వచ్చినప్పుడు వేసుకోవడానికి లయను సరిచేసే ఫ్లెకైనైడ్ ఇచ్చాం. మొదటి మోతాదు ఆసుపత్రిలో మానిటర్ మీద ఉంచి, మూడున్నర గంటల్లో లయ సరైంది చూసి, ఆ తర్వాతే ఇంటికిచ్చాం. మోతాదు ఇక్కడ రాయడం లేదు, కావాలనే. గుండెపోటు వచ్చినవాళ్ళకు ఈ మందు ఇస్తే మరణాలు పెరిగాయని 1989లో కాస్ట్ అనే పరీక్షలో తేలింది. ఎకో, ట్రెడ్‌మిల్ ముందే చేయించింది అందుకే. పైగా కొందరిలో ఇది ఏఎఫ్‌ను ఫ్లటర్‌గా (పై గదులు ఒకే చుట్టులో క్రమంగా, వేగంగా కొట్టుకునే లయగా) మార్చి కింది గదులను విపరీతంగా పరుగెత్తిస్తుంది. మెడికల్ షాపులో పేరు చెప్పి కొనుక్కునే మందు కాదు.

ఇప్పటి పరిస్థితి

మెటోప్రొలాల్ పూర్తిగా ఆపిన మొదటి నెలలో మూడుసార్లు వచ్చింది. తర్వాత నాలుగు నెలల్లో రెండుసార్లు, అందులో ఒకటి కావలిలో బంధువుల పెళ్ళి విందు రాత్రి. ఆ తర్వాత ఏడాదిలో మొత్తం నాలుగు. ఫ్లెకైనైడ్ రెండుసార్లే వాడారు. బరువు ఆరు కిలోలు తగ్గింది. రాత్రి కనిష్ఠ వేగం 44.

అబ్లేషన్ గురించి ఆయనే అడిగారు, ఎవరో చెప్పారట. పల్మనరీ సిరల నోళ్ళ చుట్టూ కాల్చి గీత గీస్తారు. ఆ గీత పక్కనున్న నరాల ముడులను కూడా తాకుతుంది, అందుకే అబ్లేషన్ అయినవాళ్ళలో చాలామందికి కొన్ని నెలలపాటు నాడి ముందుకన్నా వేగంగా ఉంటుంది. ఈయన లాంటివాళ్ళకు అది మంచి దారే. ఏడాదికి నాలుగుసార్లు వచ్చి, లేచి నడిస్తే తగ్గిపోయేదానికి ఇప్పుడే అక్కర్లేదన్నది నా అభిప్రాయం. చెన్నైలో చూసిన ఎలక్ట్రోఫిజియాలజిస్టు (గుండె లయ నిపుణుడు) చేయించుకున్నా తప్పులేదన్నారు. రైతు మాత్రం ఆగుదామనే అన్నారు.

వచ్చే పంట వేసవిలో. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా నిలుస్తుంది, రాత్రి మెలకువలు పెరుగుతాయి, అన్న కొడుకేమో అప్పటికి పరీక్షల్లో ఉంటాడు. ఆ పంట మధ్యలో ఇంకోసారి ఏడు రోజుల ప్యాచ్ పెడతాం, స్లీప్ స్టడీ కూడా మళ్ళీ చేయిస్తాం. ఊపిరి ఆగడం ఇంకా గంటకు పదిహేను సార్లు దాటే ఉంటే సీప్యాప్ మాట మళ్ళీ ఎత్తాలి. ఏఎఫ్ గంటలు పెరిగితే చెన్నై పంపుతాను.